మేస్త్రి బొటనవేలు, నా గడియారం

వాదనల్లో ఓడిపోయినవాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. తడి కాంక్రీటుతో వాదం పెట్టుకుని, చీలమండల దాకా దిగబడి ఓడినవాణ్ణి చూడాలంటే నన్నే చూడాలి.

హైటెక్ సిటీలో ఒక ఆఫీసు భవనానికి పార్కింగు నేల పోస్తున్నాం. పోసిన కాంక్రీటును అద్దంలా నున్నగా చేసేది యాదగిరి మేస్త్రి. నేను ఆయన దగ్గర కూలీని.

"ఇయ్యాల మిషన్ నువ్వు నడుపు. నేల మంచిగొస్తే రేపటి సంది నువ్వు గూడ ఫినిషర్‌వే" అన్నాడు. మిషనంటే, సీలింగు ఫ్యానును నేలమీద పెట్టి పిడి తగిలించినట్టుండే యంత్రం.

అప్పట్లో నేను హేతువాద సభల్లో మైకు వదలని కుర్రవాణ్ణి. ఎవరైనా తుమ్మినా కారణం అడిగేవాణ్ణి. మేస్త్రేమో పది నిమిషాలకోసారి గొంతుక్కూర్చుని, కాంక్రీటులో బొటనవేలు నొక్కి, కళ్లు మూసుకుని, "ఇంక కాలే" అనేవాడు. నాకు ఒళ్లు మండింది.

"మేస్త్రీ, నిన్న పోసిన మూడు గంటలకు మిషన్ ఎక్కించినం. ఇయ్యాల గూడ మూడు గంటలైంది. సిమెంటుకు ముహూర్తం ఉంటదా?"

"చాయ్ తాగొస్త. దాన్ని ముట్టకు" అని వెళ్లాడు.

మాతో పనిచేసే రంగమ్మక్క నవ్వింది. "ఆయన మాట జర ఇను తమ్మీ."

"ప్రశ్నించనిదే సమాజం మారదక్కా."

"సమాజం తర్వాత మారుతది. ముందు నీ కాళ్లు చూస్కో."

మిషన్ ఆన్ చేశాను. అది రెండడుగులు నడిచి, ఎండకు తాళలేని బర్రె మడుగులోకి దిగినంత హాయిగా దిగబడింది. లాగబోయి నేనూ దిగాను. కాళ్లు పైకొచ్చాయి, బూట్లు రాలేదు.

మేస్త్రి చాయ్ కప్పుతోనే వచ్చి చూశాడు. "ఏందిరా, పునాదివైనవా?"

"మూడు గంటలైంది మేస్త్రీ..."

"నిన్న ఎండ. ఇయ్యాల పొద్దటి సంది ముసురు. నీ గడియారానికి ముసురు తెలుస్తదా?"

అక్కడ ప్రయోగం చేస్తున్నది ఆయన, గుడ్డిగా నమ్మింది నేను. ఫినిషర్ పని పోయినట్టే అనుకున్నాను.

ఆయన మిషన్‌నూ, నా బూట్లనూ పీకించి, గుంతను కొత్త కాంక్రీటుతో నింపించి, నన్ను అంచున కూర్చోబెట్టాడు. "నొక్కు. ఏలు దిగితే ఆగు. అచ్చు మాత్రమే పడితే చెప్పు."

నొక్కాను. "ఇంక కాలే" అన్నాను. మళ్లీ నొక్కాను. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. రంగమ్మక్క చూసి పొట్టపట్టుకుని నవ్వింది. సాయంత్రానికి వేలు దిగడం ఆగింది.

"అయింది మేస్త్రీ."

ఆయన పక్కనే నొక్కి చూసి, పిడి నా చేతికిచ్చాడు. నేల నున్నగా వచ్చింది.

"రేపు జల్ది రా, ఫినిషర్" అన్నాడు.

దేవుడి మీద ఒట్టు వేసే అలవాటు నాకు లేదు. అందుకని యాభై కిలోల సిమెంటు బస్తా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను: స్వయంగా నొక్కి చూడకుండా ఏ మనిషి పనినీ మూఢనమ్మకం అనను. నొక్కి చూశాక కూడా అది మూఢనమ్మకమే అయితే మాత్రం, ఊరుకుంటానని మాట ఇవ్వలేను.