మార్తక్క వీల్‌చైర్ మా ఇంట్లోనే ఉండిపోయింది

నిన్న మధ్యాహ్నం హాస్పిటల్ నుంచి ఫోన్. మార్తక్క ఇక లేదు.

పొద్దున్నే నేనే ఆటో ఎక్కించాను కదా, ఇంతలోనే ఎట్లా?

ఆమె వీల్‌చైర్ మా గుమ్మంలో ఉంది. దాని వైపు చూడలేకపోయాను.

నా పెళ్లికి ముందు వరాలా తలావ్ చెరువు దగ్గర మా పక్కిల్లు ఆమెది. నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేసేది. మంచాన పడ్డ తల్లి కోసం ఆ కుర్చీ కొన్నది. తల్లి పోయాక అది ఆమె ఇంట్లో ఉండడం నేను చూడనేలేదు. పక్షవాతం వచ్చినవాళ్లు, కాలు విరిగిన లూమ్ కార్మికులు, ఎవరడిగితే వాళ్లకిచ్చేది. వెంట వెళ్లి, పేషెంట్‌ను నొప్పి లేకుండా ఎట్లా లేపాలో ఇంట్లోవాళ్లకు నేర్పేది.

ఒకసారి అన్నాను, నీకే ఆయాసం, కుర్చీ దగ్గర ఉంచుకో అక్కా అని.

"అది నాది కాదు చెల్లె. ప్రభువు నా దగ్గర పెట్టిండు. ఊకె పడి ఉంటె నాకు భయమైతది. ఏం జేసినవని అడుగుతడు."

మా నాన్న మోకాలి ఆపరేషన్‌కి నేనూ తెచ్చుకున్నాను. ఆయన నడవడం మొదలుపెట్టి పది రోజులైంది. మళ్లీ అవసరం పడుతుందేమోనని నేనే కుర్చీ తిరిగివ్వకుండా ఉంచుకున్నాను.

నిన్న ఆమెకు ఊపిరి అందట్లేదని వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. కుర్చీ ఆటోలో వేసుకుని, మేమిప్పుడు ఉండే పూర్ణ నుంచి బయల్దేరాను. గోడౌన్ ట్రక్కుల మధ్య ఇరుక్కుపోయాం.

నేను చేరేసరికి ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొస్తున్నారు. ఆటో పట్టని గల్లీ అది. మధ్యలో ఎన్నిసార్లు దించారో అడగలేదు. ధైర్యం చాలలేదు.

నన్ను చూసి, "నాయిన నడుస్తుండా?" అంది.

తలూపాను.

"కుర్చీ నా ఇంటికి తేకు. యెనక గల్లీల యాదమ్మ పెనిమిటి మంచంల ఉన్నడు. ఆయనకియ్యి."

నాతో ఆమె మాట్లాడింది అంతే. ఆమెనూ వాళ్ల చెల్లెల్నీ ఆటో ఎక్కించి, కుర్చీతో నేను ఇంటికొచ్చేశాను.

ఆలస్యమైందని ఫోన్‌లో డాక్టర్ అనలేదు. కాలేదనీ అనలేదు. రాత్రంతా అదే ఆలోచన.

ఈ పొద్దున యాదమ్మకు కుర్చీ ఇచ్చి వచ్చాను. ఎన్ని రోజులు ఉంచుకోవచ్చని అడిగింది.

"అక్కరున్నన్ని దినాలు. అక్కర తీరిన్నాడే ఫోన్ చెయ్యి," అన్నాను. నా నంబర్ ఇచ్చాను.

ఇప్పటికే ఇంకో ఇద్దరు అడిగారు. ఆమెలా చూసుకోగలనో లేదో, భయంగా ఉంది.

సాయంత్రం సమాధి దగ్గర ప్రార్థన. తెలిసినవాళ్లు రండి.

మార్తక్కా, నన్ను క్షమించు. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.