మల్లేశం మామ మూడో పిస్టన్ విప్పిన రోజు

నిన్న మధ్యాహ్నం క్లాసులో ఉన్నాను. బాపు ఫోన్.

కాలేజీ టైంలో బాపు ఎప్పుడూ ఫోన్ చేయడు. కారిడార్‌లోకి పరుగెత్తాను.

"మల్లేశం మామ పోయిండు బిడ్డా. పొద్దున షెడ్డు షట్టర్ లేపిండట. కుర్సీల గూసున్నడట. గంతే."

ఫోన్ కట్ చేయలేదు. అవతల హైవే మీద లారీల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెబుతున్నాను. మేడ్చల్‌లో, రోడ్డు పక్క రేకుల షెడ్డులో పాత కార్లు బాగుచేసే మెకానిక్ ఆయన. మాకు చుట్టం కాదు. మా బాపు షామీర్‌పేటలో ఒక పటేల్ దగ్గర డ్రైవర్. ఆ పటేల్ వాళ్ల నాయిన కొన్న అంబాసిడర్‌ను మల్లేశం మామ తప్ప ఇంకే మెకానిక్కూ ముట్టుకునేవాడు కాదు.

పోయినేడాది సంగతి.

గుండ్లపోచంపల్లి దాటగానే ఆ బండి టకటకా కొట్టుకుని, నీలం పొగ వదిలి ఆగిపోయింది. స్టీరింగ్ దగ్గర ఉన్నది బాపు.

పటేల్ ఒకటే మాట మీద ఉన్నాడు. రేడియేటర్‌లో నీళ్లు చూసుకోలేదు, ఇంజన్ వేడెక్కి పట్టేసింది అని. "ఇప్పినంక నీ తప్పే అని తేలిందనుకో, తాళాలు ఆడ్నే పెట్టి పో నర్సిమ్లు" అన్నాడట బాపుతో. అప్పటికే వేరే డ్రైవర్‌తో మాట్లాడి ఉంచాడు.

బాపు నీళ్లు చూశాడు. మాతో ఒట్టు వేసి చెప్పాడు.

కానీ రెండో రోజుకి ఆయనకే అనుమానం మొదలైంది. "సూసింది ఆ రోజేనా, అంతకు ముందటి రోజా?" అని అమ్మను అడుగుతున్నాడు. అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోతున్నాడు. అందుకే ఇంజన్ విప్పే ఆదివారం అమ్మ నన్ను తోడు పంపింది.

మామ షెడ్డులో పటేల్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. బాపు నిలబడే ఉన్నాడు.

మామ నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీశాడు. హ్యాండిల్ పెట్టి ఇంజన్‌ను మెల్లగా తిప్పమని బాపుకు చెప్పి, ప్లగ్గు ఉండే రంధ్రం మీద బొటనవేలు ఆనించాడు. ఒకటో దాంట్లోంచి గాలి వేలిని తన్నింది. రెండోదీ తన్నింది.

మూడో దాని మీద వేలు అలాగే ఉండిపోయింది.

"దీనికి ఊపిరి లేదు."

దాన్ని కంప్రెషన్ అంటారని తర్వాత నెట్‌లో చూశాను. నాకు మామ మాటే నచ్చింది. నోట్‌బుక్‌లో అదే రాసుకున్నాను.

మామ బాపు మొహం చూశాడు. "ఇంజన్ కన్న ముందు నువ్వే సీజయ్యేటట్టున్నవ్ కదనే. జర నీళ్లు తాగు."

"బండికి పొయ్యనోడు ఆయన తాగుతడా" అన్నాడు పటేల్.



ఇంజన్ పైమూత హెడ్ విప్పి, కింద ఆయిల్ చాంబర్ దించేసరికి మధ్యాహ్నం దాటింది. మూడో పిస్టన్ ముక్కలై బయటికొచ్చింది. ఒక్కో ముక్కను కిరోసిన్‌లో కడిగి పాత పేపర్ మీద పేర్చాడు. మిగతా పిస్టన్లు కూడా తీసి పక్కన పెట్టాడు.

"వేడికి పట్టేస్తే అన్నీ గీసుకపోతయ్ పటేలా. ఇవి జూడు, నున్నగున్నయ్."

"మరి గిదెందుకు పలిగింది?"

మామ సిలిండర్ మీదికి వంగాడు. పిస్టన్‌ను కింది రాడ్‌కు కలిపే పిన్ను ఒకటి ఉంటుంది. అది కదలకుండా పట్టే బోల్ట్ ఒకటి. నన్ను ఫోన్ టార్చ్ వేయమన్నాడు. సిలిండర్ గోడ మీద నిలువుగా ఒకటే గీత, లోతుగా. బోల్ట్ వదులై, పిన్ను పక్కకు జరిగి గీరిన గీత.

ఒక్కో బోల్టూ తిప్పి చూశాడు. మిగతా వాటన్నిటి కింద, బోల్ట్ వదులవకుండా పట్టే వాషర్ ఉంది. మూడో పిస్టన్ బోల్ట్ కింద లేదు.

ఊడి పడిందేమోనని ఆయిల్ చాంబర్ అడుగున వేళ్లతో వెతికాడు. మళ్లీ వెతికాడు. అక్కడా లేదు.

ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఇగ చెప్పు. నీళ్లే కదా?" అన్నాడు పటేల్.

అవునంటే సరిపోయేది. ఆ షెడ్డులో ఇంజన్ లోపలి సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. బాపు అప్పటికే తల దించుకుని ఉన్నాడు, ఏమన్నా ఒప్పుకునేటట్టు.

మామ చేతులు తుడుచుకుని లేచాడు.

"కాదు పటేలా. ఎండకాలం గీ ఇంజన్ కట్టింది నేనే. ఇంకెవ్వడు ముట్టలే. గీ వాషర్ నేను ఎయ్యలే. నర్సిమ్లు తప్పు లేదు, నాది."

ఎందుకు మర్చిపోయాడో చెప్పలేదు. ఎవరినీ సాకుగా చూపలేదు.

పటేల్ కుర్చీలోంచి లేచాడు. తర్వాత బాపు వైపు చూడకుండానే, "గిది అయ్యేదాంక మా పోరని బండి నడుపు" అన్నాడు. సారీ లేదు. అంతే.

బాపు షెడ్డు వెనక్కి వెళ్లి కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. ఎంతసేపటికీ రాలేదు.

మామ పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి సరిపోయే పిస్టన్ తెచ్చాడు. లేత్ పని చేసే చోట గీరుకుపోయిన సిలిండర్ లోపల కొత్త గొట్టం, స్లీవ్ వేయించాడు. బిగించే రోజు బాపును పిలిపించాడు.

"బోల్టులన్ని నువ్వు జూడు నర్సిమ్లు. నువ్వు సూసినంకనే మూస్త."

బాపు ఒక్కొక్కటీ చూసేదాకా మామే పక్కన నిలబడ్డాడు, పేపర్ దిద్దించుకునే స్టూడెంట్‌లాగా.

ఆ నిజం ఊరికే పోలేదు. పటేల్ ఆ వాషర్ సంగతి బౌరంపేట దాకా చెప్పుకున్నాడు. పాత బండ్ల వాళ్లు కొందరు వేరే షెడ్లకు మళ్లారు. నేను వెళ్లినప్పుడల్లా మామ షెడ్డు ముందు ఖాళీ జాగా పెరుగుతూ కనిపించేది.

ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పినవ్ మామా అని.

"ఇంజన్ల కనవడ్డది జెప్పిన బిడ్డా. ఇంకేం జెప్పాలె?"

ఈ రోజు పొద్దున ఎవరూ పిలవకముందే బాపు వెళ్లి పాడెకు భుజం పట్టాడు. చివరిదాకా మార్చుకోలేదు.

మామా, నీకు థాంక్స్ చెప్పనే లేదు. బాపు ఇంకా అదే పనిలో ఉన్నాడు. నిన్న కూడా మా ఇంట్లో అన్నం నీ మాట మీదే ఉడికింది.

ఇగ పని చాలు మామా.

నీ ప్రాణం నిమ్మళంగా ఉండాలి.