ముగ్గురి పెళ్ళిళ్ళు, తర్వాత తన పెళ్ళి

ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు వేసుకుంటుంటే మామ ఫోన్ చేసినాడు. "పాపా, మీ అత్త లేదు" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఆమె మా నాన్నకు అక్క. తాత పోయాక ముగ్గురు తమ్ముళ్ళనూ సాకింది. తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల ప్లాంటులో ఐసు మీద రొయ్యల తలలు తీసే పనికి చేరి, సూపర్‌వైజరు అయింది. మా నాన్న పెళ్ళీ, చిన్నాన్నల పెళ్ళిళ్ళూ ఆ జీతంతోనే జరిగినాయి. నడివేసవిలో కూడా సంచిలో స్వెటర్ పెట్టుకుని పనికి పోయేది. ఇంటికొచ్చాక టీ గ్లాసును రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. "ముందు వేళ్ళకు, తర్వాత నోటికి" అని నవ్వేది.

నలభై దాటాక, ప్లాంటు వ్యాను నడిపే మామను పెళ్ళి చేసుకుంటానంది. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది.

"ఈ వయసులో పెళ్ళేందక్కా? జనం నవ్వరా?" అన్నాడు మా నాన్న. "అంతగా కావాలంటే పాస్టరు గారింట్లో ప్రార్థన పెట్టించుకుని గమ్మునుండు."

చిన్న చిన్నాన్నయితే తన దగ్గర డబ్బుల్లేవని ముందే చెప్పేసినాడు. ఆయన్ని ఎవరూ అడగలేదు.

అత్త మర్నాడు నన్ను వెంటబెట్టుకుని తన జీతం పడే బ్యాంకుకు పోయి పర్సనల్ లోను అడిగింది. దేనికన్నాడు ఆఫీసరు. పెళ్ళికంది.

"కూతురి పెళ్ళామ్మా?"

"నాదే సార్."

అతను తలెత్తి చూసి, "కంగ్రాట్స్ మేడమ్" అన్నాడు. మా ఇంట్లో ఒక్కరి నోటా రాని మాట, ముక్కూ మొహం తెలియని మనిషి నోట వచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేనే అడిగినా. "అప్పు చేసి మరీ విందు పెట్టాల్నా అత్తా?"

"ముగ్గురి పెళ్ళిళ్ళలో నిలబడి వడ్డించినా పాపా. ఒక్క పెళ్ళిలోనన్నా కూర్చుని తినొద్దా?"

ముత్తుకూరులో పెళ్ళి. ప్లాంటు ఆడవాళ్ళంతా పూలు పెట్టుకుని వచ్చినారు. పెళ్ళికూతుర్ని చర్చిలోకి నడిపించాల్సిన మా నాన్న గేటు బయట ఫోను మాట్లాడుతూ నిలబడినాడు. కబురు పంపినా రాలేదు. చివరికి అత్తే నా చెయ్యి పట్టుకుని, "పద పాపా, ఎండ ముదురుతోంది" అని లోపలికి నడిచింది. ప్రమాణాలు అయిపోయినాక తమ్ముళ్ళు వచ్చినారు. మొదటి పంక్తిలో కూర్చుని బిర్యానీ తిన్నారు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నారు.

నెల నెలా కంతు అత్తా మామా కలిసి కట్టుకున్నారు. ఎవరి ముందూ చేయి చాచలేదు. అయినా తమ్ముళ్ళు ఏ ఫంక్షన్లో కలిసినా "పెళ్ళి లోను తీరిందా అక్కా?" అని పదిమందిలో నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు నాకిప్పటికీ మింగుడు పడదు. పోయిన క్రిస్మస్ ముందు లోను తీరిపోయింది. ఆ పూట మటన్ తెచ్చి నన్ను భోజనానికి పిలిచింది.

సమాధుల తోట నుంచి వస్తుంటే చిన్న చిన్నాన్న, "అప్పు చేసి పెళ్ళాడింది. అది తీర్చలేక ఓవర్‌టైములు చేసి చేసి ప్రాణం మీదకు తెచ్చుకుంది" అన్నాడు, పక్కన మామ నడుస్తుండగానే.

"లోను తీర్చింది నాలుగేళ్ళు చిన్నాన్నా. మీ కోసం ఐసులో చేతులు పెట్టింది పాతికేళ్ళు" అన్నా.

మా నాన్న నడక వేగం పెంచినాడు.

వీధి మొదట్లో తమ్ముళ్ళు పెద్ద ఫ్లెక్సీ కట్టించినారు. కింద వాళ్ళ ముగ్గురి బొమ్మలూ పేర్లూ. పైన అత్త. ఆమె ఒక్కతే ఉన్న ఫోటో ఆ ముగ్గురిలో ఒక్కరి దగ్గరా లేదు. పెళ్ళి ఫోటో తీసుకుని, పక్కనున్న మామను కత్తిరించేయించినారు. మనిషి మొత్తం పోలేదు. సముద్రపు గాలికి ఫ్లెక్సీ ఉబ్బుతూ అణుగుతూ ఉంది. అత్త పట్టుచీర భుజం మీద ఆయన నాలుగు వేళ్ళు అట్టాగే ఉన్నాయి.