పది బోల్టుల మూత

మా మిషన్ ఆసుపత్రి జీపుకి వెనక ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఒక ఇనుప బుర్ర ఉంటుంది. డిఫరెన్షియల్ అంటారు. లోపల పళ్ళచక్రాలు నూనెలో తిరుగుతుంటాయి. ఆ నూనె కారకుండా కాపాడేది వెనకనున్న పలచని రేకు మూత ఒక్కటే. అనంతగిరి ఘాటు రోడ్డులో రాళ్ళు తగిలేది సరిగ్గా దానికే. అది ఎన్నిసార్లు సొట్టపడిందో శృంగవరపుకోటలో ఇద్దరికే తెలుసు. ఒకణ్ణి నేను, ఆ జీపు డ్రైవర్ డేవిడ్‌రాజుని. రెండోవాడు మెకానిక్ జగన్నాధం. మతాలు వేరైనా పదేళ్ళుగా నన్ను బావా అనే పిలుస్తాడు.

జగన్నాధం షెడ్డుకి వెళ్ళిన బండి ఆగదని ఊళ్ళో పేరు. కొత్త సామాను విశాఖపట్నం నుంచి రావాలంటే వారం పడుతుంది. ఈలోగా మూత చిట్లితే ఉతుకుసబ్బు ముక్క తడిపి ఆ చీలికలో కుక్కేవాడు. "ఎల్పోతాది బావా, ఏటీ కాదు" అనేవాడు. వెళ్ళిపోయేది కూడా. సబ్బు మీద నడవని బండి ఈ చుట్టుపక్కల ఏదైనా ఉంటే చూపించండి, దండం పెడతాను. అందుకే వాణ్ణి ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. సబ్బు పెట్టింది వాడైతే, ఆ బండిని ఘాటెక్కించింది నేను.

అలా మూతకి సబ్బు పెట్టి ఉన్న ఒక రోజు, కొండమీద ఊళ్ళో జగన్నాధం అక్క గున్నమ్మకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని కబురొచ్చింది. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి నేను ఘాటు దిగుతుంటే సగం దారిలో సబ్బు ఊడిపోయింది. నూనంతా కారిపోయి, పళ్ళచక్రాలు పట్టేసి, వెనక చక్రాలు బిగుసుకుపోయాయి. ఎడ్లబండి దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. ఆసుపత్రికి ఇంకా రెండు మైళ్ళుందనగా గున్నమ్మ పోయింది.

జగన్నాధం ఏడవలేదు. దినకార్యం అయిన మర్నాడు షెడ్డు తెరిచి, నేను లారీకి కట్టించి తెచ్చిన జీపుని చూసి, "జీపు ఇక్కడ ఒగ్గెల్లు బావా" అన్నాడు. అంతే.

ఆసుపత్రివాళ్ళు తెప్పించిన కొత్త పళ్ళచక్రాలు ముందు బిగించాడు. తరవాత కొత్త మూత తీసుకుని, పాత లారీ చట్రంలోంచి కోసిన మందపాటి ఇనపరేకుని దాని వంపుకి సరిపడా సుత్తితో వంచి, పైన వెల్డింగు పెట్టాడు. వేడికి అంచు వంకరపోతుందని, బండమీద బోర్లించి, కింద వెలుతురు దూరనంతవరకూ ఎత్తుగా ఉన్న చోటల్లా ఆకురాయితో రుద్దాడు. అంచు మీద అట్టకాగితం పరిచి, చిన్న సుత్తితో అంచు వెంట కొట్టుకుంటూ పోతే కన్నాలతో సహా వాషరు తెగి వచ్చింది. పది బోల్టులు, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. ఇదివరకైతే పని జరుగుతున్నంతసేపూ నా డ్రైవింగుని తిడుతూనే ఉండేవాడు. ఆ తిట్టు కోసం కాచుకుని కూర్చున్నాను. రాలేదు. నాకూ ఏడుపు రాలేదు. పన్ను పీకడానికి సూదేసిన దవడలా ఉంది లోపలంతా.

కొత్త నూనె పోశాడు. మూత కింద వేలితో తడిమి చూశాడు. పొడిగా ఉంది. తెల్లారితే ఆ జీపు మళ్ళీ ఘాటెక్కాలి.

చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, నా వంక చూడకుండా అడిగాడు. "అక్క ఏటన్నాది బావా?"

ఇన్నాళ్ళూ నేను భయపడింది ఆ మాటకే. తెలివిలో లేదని చెప్పేద్దామని ఎప్పుడో అనుకుని ఉంచాను. తీరా అడిగాక అబద్ధం నోటికి రాలేదు.

"బండి ఆగిపోతే నాను గాబరా పడినాను. అప్పుడు మీ అక్క, 'కంగారు పడకు బాబూ, మా తమ్ముడు బాగుసేసిన బండి. సల్లారితే అదే కదుల్తాది' అన్నాది."

జగన్నాధం తలూపాడు. అర్థమైందనడానికి ఊపినట్టే ఉంది. పానా తీసుకుని మళ్ళీ జీపు కిందికి దూరాడు. మొదటి బోల్టు నుంచి ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు. అన్నీ బిగిసే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. పదీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.