హీరో మారిన రోజు

నిన్న కాశీబుగ్గలో చిన్నప్పుడు నాన్నతో కలిసి చూసిన ఆ ఇంగ్లీషు గూఢచారి సినిమాల్లో కొత్తదాని పోస్టరు చూశాను. హీరో మళ్ళీ మారాడు. అక్కడ నిలబడలేక గబగబా నడిచి వెళ్ళిపోయాను.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. డయాలసిస్ కోసం అమ్మ నాన్నను పలాస ఆసుపత్రికి తీసుకెళ్తూ నన్నూ వెంటబెట్టుకునేది. అక్కడి టీవీలో ఆ సినిమాలు తెలుగులో వచ్చేవి. నాన్నకు పాత హీరో ఇష్టం, నాకు అదే పాత్రలో ఆ తర్వాత వచ్చినవాడు.

"ఆడు నడిసొత్తే సాలు, ఎదటోడికి సెమట్లు పట్టేత్తాయి" అనేవాడు.

"నా హీరో బోటు మీంచి బోటు మీదికి గెంతుతాడు!" అంటూ మంచం పక్కనే గెంతి చూపించేదాన్ని.

ఒకరోజు అదే పాత్రలో ఇంకో ముఖం కనిపించింది.

"మనోళ్ళిద్దరూ ఏటయ్యారు నాన్నా?"

"అలిసిపోనారమ్మా. ఆళ్ళ సోటులోకి ఇంకోడొచ్చాడు."

నాన్న కూడా రోజూ అలిసిపోయానంటున్నాడు. నాకు కాలు నిలవలేదు. తలుపుదాకా వెళ్ళడం, మళ్ళీ మంచం దగ్గరికి రావడం. చివరికి అడిగేశాను.

"నీ సోటులోకీ ఇంకోడొచ్చేత్తాడా?"

నాన్న సూది లేని చేత్తో నన్ను దగ్గరకు తీసుకున్నాడు.

"రాడమ్మా. ఎవుడూ రాడు."

నేను నిశ్చింతగా టీవీ వైపు తిరిగాను. నాన్న మాత్రం సినిమా అయ్యేదాకా నన్నే చూశాడు.

తర్వాతి వానాకాలంలో ఆయన పోయాడు. ఆయన చోటులోకి ఎవరూ రాలేదు. "ఎవుడూ రాడు" అన్న ఆ మాట ఒట్టి ఓదార్పు కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.