ఈశ్వరమ్మ కూతురికి ఒక గది

సిగ్రిడ్ ఆంటీ ఎవర్నీ వాళ్ల పేరుతో పిలిచేది కాదు. వాళ్ల నాన్న పేరుతో పిలిచేది.

నిఖిల ఇప్పుడు కెనడాలోని రెజైనాలో ఉద్యోగం చేస్తోంది. ఎవరైనా సర్‌నేమ్ అడిగితే ఇప్పటికీ ముందు ఆంటీయే గుర్తొస్తుంది. అక్కడికి దగ్గర్లోని సస్కటూన్‌లో మన పిల్లలు చదువులకని విమానాలకొద్దీ దిగుతూ, గది దొరికితే ఉద్యోగం దొరికినంత సంబరపడే రోజులవి. అక్కడ ఆంటీ పాత ఇంట్లో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు అద్దెకుండేవారు. పాస్‌పోర్టుల్లో ఏముంటేనేం, పోస్టు డబ్బాల మీద మాత్రం కొమరయ్యసన్, వీరరాఘవులుసన్, రంగనాథ్‌సన్. "కొమరయ్యసన్! చెత్త తీశావా?" అని ఆమె కేకేస్తే, సిరిసిల్లలో మగ్గం ముందున్న కొమరయ్యకు పొలమారి ఉండాలి.

"మా ఐస్‌లాండ్‌లో ఇంటిపేర్లుండవు," అనేది ఆంటీ. "ఐనార్ కొడుకు ఐనార్సన్. వాడి కొడుక్కి మళ్లీ వాడి పేరు. మా ముత్తాత ఇక్కడ ఓడ దిగితే గుమాస్తా ఆ ఐనార్సన్‌నే ఇంటిపేరుగా రాసేశాడు. అప్పట్నుంచి ఆడా మగా అందరం ఐనార్ కొడుకులమే! డెబ్బై ఆరేళ్ల ఆడదాన్ని, బ్యాంకుకెళ్తే ఇంకా కొడుకునే!"

ఆ ఇంట్లో ఒక గది ఖాళీ అయింది. అప్పుడే నిఖిలను, ఆమె అద్దెకుంటున్న బేస్‌మెంట్ ఓనర్ నెలాఖరుకు వెళ్లిపొమ్మన్నాడు. బయట మైనస్ ముప్పై. కొమరయ్యసన్, అంటే క్లాస్‌మేట్ ప్రజ్వల్, దారిలోనే హెచ్చరించాడు.

"నాన్న పేరు అడుగుతది. చెప్పకుంటే గది ఇయ్యది. మొన్న ఒకామె ప్రైవసీ అన్నదని కాఫీ తాపి పంపింది."

నిఖిల మంచులోనే ఆగిపోయింది. తనకు రెండేళ్లప్పుడు వదిలేసి వెళ్లిన మనిషి పేరు రోజూ మెట్ల మీంచి వినాలా?

"మా బాబాయి పేరు చెప్తా."

"చెప్పు. ఆమెకేం ఎరుక?"

ఆంటీ కాఫీ పోసి, అట్టముక్క, మార్కర్ తీసింది. "ఎవరి కూతురివి?"

బాబాయి పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"ఈశ్వరమ్మ. మా అమ్మ. మిషన్ కుట్టి చదివించింది. నాన్న పేరు చెప్పను."

"అయిపాయె," అని ప్రజ్వల్ గొణిగాడు.

"చెప్పమని ఎవరన్నారు?" ఆంటీ మార్కర్ మూత తీసింది. "మా వాళ్లలో తల్లి పేరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరి పిల్లవో తెలియకపోతే నీకు జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయను? కిందటేడు వీరరాఘవులుకి చేశాను. ఆయనకి ఇంగ్లిష్ రాదు, నాకు తెలుగు రాదు. అరగంట మాట్లాడుకున్నాం."

అట్ట మీద ఈశ్వరమ్మదోత్తిర్ అని రాసింది. "దోత్తిర్ అంటే కూతురు. నీకు హీటర్ పక్క గది."

"ఆంటీ, అది నాకిస్తనంటివి గద!"

"కొమరయ్యసన్, చెత్త తీశావా?"

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో నిఖిల వాకిట్లో పోస్టు డబ్బా మీద అంటించిన ఆ అట్టముక్క చూపించింది. అవతల అప్పుడే తెల్లవారుతోంది. ఈశ్వరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో ఇంగ్లిష్ అక్షరం కూడబలుక్కుంది.

"నా పేరు వీధిలో పెట్టారేంటే? మంచుకి తడిసిపోదూ?"

లోపల్నుంచి కేక వినిపించింది. "ఈశ్వరమ్మదోత్తిర్! తలుపేసి మాట్లాడు!"

"ఎవరే, నన్నా పిలుస్తోంది?"

"నన్నేనమ్మా."

"మరి పలకవే," అంది ఈశ్వరమ్మ, ఆ పిలుపు ఇంకోసారి వినిపిస్తుందేమోనని ఫోన్‌ని చెవికి ఆనించుకుంటూ.