పది యాభైకి బుక్ చేసిన ముహూర్తం

మా పెళ్ళి కథ నేను ఇప్పటికి చాలామందికి చాలా రకాలుగా చెప్పాను. ఒక రకంలో ఒంటె కూడా ఉంది. ఇది ఒంటె లేని రకం. మా ఆవిడ పక్క గదిలోనే ఉంది కాబట్టి ఇందులో అబద్ధాలు తక్కువ.

ఎనభైల మొదట్లో హ్యూస్టన్‌లో తెలుగువాళ్ళం ఒక స్కూలు బస్సుకి సరిపడా ఉండేవాళ్ళం. అందులోనే రెండు పార్టీలు. నేను పైపులు డిజైన్ చేసే కంపెనీలో ఇంజనీరుని. ఆవిడ హాస్పిటల్లో రెసిడెంటు డాక్టరు. ఒకటిన్నర రోజు ఏకబిగిన డ్యూటీ చేసి, ఇంటికెళ్ళి పడి నిద్రపోయి, లేచి మళ్ళీ డ్యూటీకెళ్ళేది. మేం పెళ్ళి చేసుకుంటున్నామని చెప్పామో లేదో, రెండు పార్టీలూ ఆ పెళ్ళిని పంచుకోవడం మొదలెట్టాయి. ఒక పార్టీ పెద్దమనిషి కన్యాదానం నాదేనన్నాడు. అయితే వంట మాదేనన్నాడు రెండో పార్టీ పెద్దమనిషి. పులిహోరలో చింతపండా, నిమ్మకాయా అన్నదాని మీద నాలుగు ఆదివారాలు మీటింగులు పెట్టి, మినిట్స్ రాసుకున్నారు. ఇక పురోహితుడంటే ఊరంతటికీ ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరే దిక్కు. ఆయనకి వినాయకుడి శ్లోకం దాకా వచ్చు, ఆ తర్వాతదంతా ధైర్యం.

నాలుగో మీటింగు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా ఆవిడ అంది: "ఇంజనీరు గారూ, వీళ్ళందరి మధ్యా పెళ్ళి చేసుకునే ఓపిక నాకు లేదు. రెండు రోజులు సెలవు దొరికింది. లాస్ వేగస్‌లో ఫోన్ చేసి బుక్ చేసుకుంటే అరగంటలో పెళ్ళి చేసి పంపిస్తారట. మా వార్డులో నర్సొకావిడ రెండుసార్లు చేసుకుంది."

"ఒకాయన్నేనా?"

"అడగలేదు."

ఒక్కటే చిక్కు. ఆవిడకి తండ్రి లేడు. ఏలూరులో బ్యాంకు గుమాస్తాగా ఉన్న అన్నయ్యే పెంచి, డాక్టరు చదువు చదివించాడు. మా కులాలు వేరు. ఆరు నెలలు ఉత్తరాలకి జవాబివ్వకుండా కూర్చున్న ఆ మనిషి, చివరికి పొరుగింటి ఫోన్లో ఒక మాట చెప్పాడు. "ముహూర్తం నేను పెట్టిస్తాను. సరిగ్గా ఆ నిమిషానికి నీ నెత్తిన జీలకర్ర బెల్లం పడాలి. ఇక్కడ అదే నిమిషానికి నీ ఫొటో ముందు నేను ధారపోస్తాను. నేను ఇచ్చినట్టుండాలమ్మా, నువ్వు వెళ్ళిపోయినట్టు కాదు."

ఆవిడ మాటిచ్చింది. లైన్ ఎప్పుడో తెగిపోయినా రిసీవరు మాత్రం చేతిలోనే ఉంది.

ముహూర్తం శనివారం రాత్రి తొమ్మిది ఇరవై, ఏలూరు టైము. దాన్ని అమెరికా టైములోకి మార్చే పని నాకు అప్పజెప్పింది. నాకు ఒళ్ళు మండింది. వంతెన కింద పోయే గొట్టంలో ఒత్తిడెంతో లెక్కగట్టేవాణ్ణి, గంటల తేడా తీసెయ్యడం ఒక పనా? అయినా గ్రాఫు కాగితం మీద రెండు రంగుల్లో వేసి ఇచ్చాను. ఉదయం పది యాభై. వెంటనే లాస్ వేగస్‌లో పెళ్ళిళ్ళు చేసే ఒక చాపెల్‌కి ఫోన్ చేసి, పది యాభైకి బుక్ చేశాను.

శుక్రవారం సాయంత్రానికి విమానం దిగి, కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకుని, ఆ చాపెల్ చూడ్డానికి వెళ్ళాం. టైర్ల షాపుకీ తాకట్టు షాపుకీ మధ్య తెల్ల రంగేసిన చెక్క డబ్బా, దాని నెత్తిన ఒక గోపురం లాంటిది. మా ఊరి పాల బూత్ దీనికంటే గంభీరంగా ఉండేది. లోపల గులాబీ రంగు కార్పెట్, దాని మీద సిగరెట్ కాలిన మచ్చలు. ప్రతి మచ్చ మీదా ఒక ప్లాస్టిక్ లిల్లీ కుండీ. గోడకి మెనూ వేలాడుతోంది: పూలతో ఒక పెళ్ళి, పూలూ పాటా కలిపి ఒక పెళ్ళి, పూలూ పాటా ఫొటోలూ కలిపి ఇంకో పెళ్ళి. ఇడ్లీ, వడ, రెండూ కలిపి ఒక ప్లేటు అన్నట్టు.

ఓనరే పాస్టరు. పోస్టులో తెప్పించుకున్న పాస్టరుగిరీ, సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి పెట్టుకున్నాడు. పసుపు రంగు బూట్లు, చిటికెన వేలికి గోలీకాయంత ఉంగరం. మమ్మల్ని చూడగానే చేతులు జోడించి వంగి, "మీవాళ్ళ పెళ్ళిళ్ళు నేను బోలెడు చేశాను" అన్నాడు. ఏ ఊరివాళ్ళవని అడిగితే, చాలాసేపు ఆలోచించి, హవాయి అన్నాడు.

"ఇతనా మనకి పెళ్ళి చేసేది?" అన్నాను బయటికొచ్చాక.

"పది నిమిషాలు భరించండి. నాకు కావలసింది అతను కాదు, ఆ టైము" అంది ఆవిడ.

మర్నాడు ఉదయం మోటెల్ కాఫీ షాపులో గుడ్లు తింటున్నాం. టైమెంతని ఆవిడ అడిగింది. వాచీ చూసుకుని, "పదీ పది" అన్నాను. గోడ గడియారం చూసి, "కాదు, ఎనిమిదీ పది. నేనింకా వాచీలో టైము మార్చుకోలేదు" అన్నాను.

ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "ఆ గ్రాఫు కాగితం ఏ ఊరి టైముకి వేశారు?"

"హ్యూస్టన్..."

"చాపెల్ వాడికి చెప్పిన పది యాభై ఏ ఊరిది?"

నోట్లో గుడ్డు అలాగే ఉండిపోయింది. ముహూర్తం పది యాభై హ్యూస్టన్‌లో. ఇక్కడ అది ఎనిమిదీ యాభై. ఇంకా నలభై నిమిషాలు.

ఆవిడ హాస్పిటల్లో స్పీకర్లో పిలుపొస్తే లేచినట్టు లేచింది. పట్టుచీర కట్టుకోవడం ఎనిమిది నిమిషాల్లో పూర్తి చేసింది. నేను ఒక కాలికి మేజోడు లేకుండానే అద్దె కారు స్టార్ట్ చేశాను. జీలకర్ర బెల్లం తను హ్యూస్టన్‌లోనే నూరి, హాస్పిటల్లో శాంపిళ్ళు పట్టే మూత డబ్బాలో తెచ్చింది. కొత్త డబ్బా అని ఒట్టేసింది, నేను రెట్టించలేదు. అడ్డుతెరకి మోటెల్ తువ్వాలు లాక్కొచ్చింది.

ఎనిమిదీ నలభై రెండుకి చాపెల్ ముందు దిగాం. తలుపుకి తాళం. ఓనరు నిక్కరూ బనీనుతో పక్క సందులో నిలబడి, గొట్టంతో ప్లాస్టిక్ లిల్లీలకి నీళ్ళు కొడుతున్నాడు. దుమ్ము వదిలించడానికట. ఇప్పుడే పెళ్ళి కావాలన్నాను. కాంట్రాక్టులో పది యాభై అని ఉందన్నాడు. సాక్షి తన భార్యేననీ, ఆవిడ తొమ్మిదిన్నరకి ముందు లేవదనీ, పాట మిషను వేడెక్కడానికి టైము పడుతుందనీ చెప్పుకొచ్చాడు. నేను కాంట్రాక్టు గురించి వాదిస్తున్నాను. ఎంత మూర్ఖుణ్ణంటే, రెండో పేజీ తీసి చూపిస్తున్నాను కూడా.

ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. "మీ ఇద్దరి పెళ్ళీ తర్వాత చూద్దాం. ముందిటు రండి."

చాపెల్ మెట్ల దగ్గర తూర్పు ముఖంగా నన్ను నిలబెట్టింది. గొట్టం నీళ్ళు కాళ్ళ కిందికి పారుతున్నాయి. తువ్వాలు ఓనరు చేతికిచ్చి, మా మధ్య అడ్డంగా పట్టుకోమంది. ఎందుకని అడిగాడు. పట్టుకోమంది మళ్ళీ. గొట్టం కింద పడేసి, రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. మోటెల్ పేరు నా వైపుకి వచ్చింది. తువ్వాలు పైనుంచి ఆవిడ కుంకుమ బొట్టు దాకా కనిపిస్తోంది, అంతే.

ఆవిడ మణికట్టు మీది వాచీ కేసి చూస్తూ ఉండిపోయింది. టైర్ల షాపు వాడు షట్టరు ఎత్తుతున్నాడు. మంత్రాలు లేవు, మేళం లేదు. పక్కనే పారుతున్న నీళ్ళ చప్పుడొకటి.

"పెట్టండి" అంది.

తువ్వాలు కింద నుంచి ఆవిడ చెయ్యి నా నెత్తి మీదికీ, నా చెయ్యి ఆవిడ నెత్తి మీదికీ వెళ్ళాయి. బెల్లం చల్లగా ఉంది. పురిటి గదిలో బిడ్డ పుట్టిన టైము చెప్పినట్టు ఆవిడ ఇంగ్లీషులో టైము పైకి చెప్పింది, ఎనిమిదీ యాభై అని. కళ్ళు మూసుకుని ఏదో అనుకుంది. ఓనరు తువ్వాలు దించబోయాడు, ఆగమని చెయ్యెత్తింది. ఆగాడు. అప్పుడు తాళి కట్టాను. మూడో ముడి వెయ్యడం రాక కట్టలు కట్టే ముడి వేశాను.

డబ్బిచ్చాం కాబట్టి పది యాభైకి మళ్ళీ వెళ్ళాం. ఈసారి బూట్లూ, ఉంగరమూ, పాట మిషనూ అన్నీ ఉన్నాయి. సాక్షిగా ఓనరు భార్య నోట్లో చూయింగ్ గమ్‌తో కూర్చుంది. మా నెత్తుల మీది బెల్లాన్ని చూసి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. ఓనరు గొంతు సవరించుకుని కాగితం తీశాడు. చాపెల్ అంతటికీ వినపడేలా చదివాడు, లోపల ఉన్నది నలుగురమే అయినా: "ఈ వధువుని ఈ వరుడికి ఇస్తున్నది ఎవరు?"

"ఇచ్చేశారు" అంది మా ఆవిడ. "రెండు గంటలైంది."

అతను ఆవిడ కేసి చూశాడు. కాగితం కేసి చూసుకున్నాడు. అలాంటి జవాబు అందులో లేదు. వేలు పెట్టి కింది లైనుకి జరిగాడు.